అన్నవాహిక క్యాన్సర్: కణితి పోయాక సత్తువ సంగతేమిటి?



క్యాన్సర్ రోగికి సాయం అనగానే మనకు ముందుగా తోచేది ఆపరేషన్ బిల్లు, కీమో ఇంజక్షన్లు, స్కానింగులు. వాటికి డబ్బు సమకూరి, రోగి డిశ్చార్జి అయి ఇంటికి చేరగానే "అల్‌హందులిల్లాహ్, గండం గడిచింది" అనుకుంటాం. అన్నవాహిక క్యాన్సర్‌లో మాత్రం ఇంకో గండం అప్పుడే మొదలవుతుంది. కణితి పోతుంది గానీ, దానితో పాటు ఒంట్లో సత్తువ కూడా పోతుంది. అది తనంతట తాను తిరిగి రాదు. తిండి పెట్టి, నడిపించి, కొన్ని నెలలు కాచుకుంటేనే వస్తుంది. ఈ సంగతి మన దాతలకు, రోగుల కుటుంబాలకు వివరంగా చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

జబ్బు ఏమిటి?

గొంతు నుండి జీర్ణాశయం దాకా ముద్దను చేరవేసే గొట్టమే అన్నవాహిక. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. గాలిగొట్టానికి వెనుకగా, గుండె, ఊపిరితిత్తుల మధ్య నుండి దిగుతుంది. ఇక్కడ పుట్టే క్యాన్సర్‌ను చాలామంది "గొంతు క్యాన్సర్" అంటారు గానీ అది వేరు, ఇది వేరు.

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 లక్షల 10 వేల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చింది. సుమారు 4 లక్షల 45 వేల మంది దీనితో చనిపోయారు. మన దేశంలో ఏటా కొత్తగా వచ్చేవారు దాదాపు 70 వేల మంది. బీడీ, సిగరెట్టు, గుట్కా, జర్దా, వక్క, మద్యం దీనికి ముఖ్య కారణాలు. పండ్లు, కూరగాయలు బాగా తక్కువగా తినడం కూడా తోడవుతుంది. 65 డిగ్రీలు దాటిన వేడితో పానీయాలు తాగడం వల్ల బహుశా ఈ క్యాన్సర్ రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో ప్రకటించింది. చాయ్ మానక్కరలేదు, పొగలు కక్కుతున్నది కాస్త చల్లారనిచ్చి తాగితే చాలు.

డాక్టరు దగ్గరికి వచ్చేసరికే సగం నీరసం

ఒక టైలరు సంగతి ఊహించుకుందాం. వయసు యాభై దాటింది. మొదట రొట్టె ముక్క, మాంసం ముక్క గొంతు దాటాక రొమ్ములో ఆగినట్టు అనిపిస్తుంది. నీళ్ళు తాగి దింపుకుంటాడు. గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతాడు. కొన్నాళ్ళకు అన్నం ముద్ద దిగదు, తరువాత జావ మాత్రమే దిగుతుంది, చివరికి నీళ్ళు కూడా కష్టం. పరీక్షలు చేసి జబ్బు పేరు చెప్పేనాటికి ఆయన చొక్కా వదులైపోయి ఉంటుంది. కుట్టు మిషన్ తొక్కితే పది నిమిషాలకే కాళ్ళు లాగేస్తాయి.

ఇదే ఈ జబ్బు ప్రత్యేకత. తిండి దారిలోనే కణితి ఉంటుంది కాబట్టి చికిత్స మొదలు కాకముందే శరీరం కండను కరిగించి వాడుకోవడం మొదలుపెడుతుంది. కండ తగ్గినవారికి కీమో తట్టుకోవడం కష్టం, ఆపరేషన్ తరువాత కోలుకోవడం ఇంకా కష్టం.

సత్తువను డాక్టర్లు ఎలా కొలుస్తారు?

"ఎలా ఉన్నావు?" అని అడిగితే మనవాళ్ళు "బాగానే ఉన్నాను సార్" అంటారు. అందుకే డాక్టర్లు అడగడానికి కొన్ని పద్ధతులు పెట్టుకున్నారు. మొదటిది ఈకాగ్ అనే మెట్ల లెక్క. సున్నా అంటే మునుపటిలాగే అన్ని పనులూ చేసుకోగలడు. ఒకటి అంటే బరువు పనులు చేయలేడు, తేలిక పనులు చేయగలడు. రెండు అంటే తన పని తాను చేసుకుంటాడు గానీ ఉద్యోగం, కూలి చేయలేడు. మూడు అంటే మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా మంచంలోనో కుర్చీలోనో గడుపుతాడు. నాలుగు అంటే పూర్తిగా మంచం పట్టాడు.

ఈ అంకెను బట్టే చాలాసార్లు ఏ చికిత్స ఇవ్వాలో తేలుతుంది. సున్నా, ఒకటిలో ఉన్నవారికి కీమో, రేడియేషన్, ఆపరేషన్ అన్నీ ఆలోచిస్తారు. మూడుకు దిగజారినవారికి పెద్ద ఆపరేషన్ అంటే డాక్టర్లు వెనకాడతారు. అంటే తిండి లేక రెండు నెలలు గడిస్తే, నయం కాగలిగిన జబ్బు కూడా నయం చేసే దశ దాటిపోవచ్చు.

రెండో పద్ధతి యూరప్‌లో తయారై ఎన్నో భాషల్లోకి వెళ్ళిన 30 ప్రశ్నల పత్రం. అందులో మొదటి ఐదు ప్రశ్నలు శారీరక సత్తువ గురించే. బరువైన సంచి మోయడం లాంటి శ్రమ పనులు కష్టమవుతున్నాయా, దూరం నడవడం కష్టంగా ఉందా, ఇంటి బయట కొద్ది దూరం నడవగలరా, పగలు పడుకునో కూర్చునో ఉండాల్సి వస్తోందా, తినడానికి, బట్టలు కట్టుకోవడానికి, స్నానానికి, మరుగుదొడ్డికి ఒకరి సాయం కావాలా. ఇంట్లోవాళ్ళు కూడా వారానికోసారి ఇవే అడిగి ఒక పుస్తకంలో రాసుకోవచ్చు.

మూడోది ఆరు నిమిషాల నడక. చదునైన వరండాలో ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచారో కొలుస్తారు. అదే పరీక్ష నెల తరువాత మళ్ళీ చేస్తే సత్తువ పెరిగిందో తగ్గిందో తెలిసిపోతుంది.

రెండుసార్లు పడిపోతుంది, రెండుసార్లు లేవాలి

నెదర్లాండ్స్‌లో 2004 నుండి 2008 వరకు 368 మంది రోగులను చేర్చుకుని 'క్రాస్' అనే పరిశోధన జరిగింది. కొందరికి నేరుగా ఆపరేషన్ చేశారు. మిగిలినవారికి ముందుగా ఐదు వారాల పాటు వారానికోసారి కీమో, దానితో పాటు 23 విడతల రేడియేషన్ ఇచ్చి, తరువాత ఆపరేషన్ చేశారు. నేరుగా ఆపరేషన్ అయినవారిలో సగం మంది సుమారు 24 నెలలు దాటి బతికారు. ముందు కీమో, రేడియేషన్ తీసుకున్నవారిలో సగం మంది సుమారు 49 నెలలు దాటి బతికారు. ఈ పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది.

ఆ రోగుల సత్తువను కూడా పరిశోధకులు మొదటి నుండి కొలుస్తూ వచ్చారు. కీమో, రేడియేషన్ ముగిసిన వారానికి అది బాగా పడిపోయింది. ఆపరేషన్ నాటికి మళ్ళీ దాదాపు మొదటి స్థాయికి వచ్చింది. ఆపరేషన్ అయిన మూడు నెలలకు మళ్ళీ పడిపోయింది. ఆ తరువాత మెల్లమెల్లగా పెరిగింది. చాలా ఇబ్బందులు ఏడాదిలో సర్దుకున్నాయి గానీ శారీరక సత్తువ, అలసట మాత్రం ఏడాది తరువాత కూడా జబ్బుకు ముందున్న స్థాయికి పూర్తిగా రాలేదు.

కుటుంబాలు గుర్తుంచుకోవలసింది ఇదే. నీరసం రావడం చికిత్స చెడిపోయిందనడానికి గుర్తు కాదు, అది ముందే తెలిసిన మలుపు. అలాగని "దానంతట అదే తగ్గుతుంది" అని వదిలేసేదీ కాదు.

మొదటి మలుపు: కీమో, రేడియేషన్ రోజులు

వారానికి ఐదు రోజులు ఆసుపత్రికి తిరగాలి. రెండు మూడు వారాలకు అన్నవాహిక లోపలి పొర ఎర్రబడి పుండవుతుంది, ఉమ్మి మింగినా మంట. కీమోతో వాంతి, నోట్లో రుచి లేకపోవడం, రక్తం తగ్గడం. సరిగ్గా ఈ సమయంలోనే శరీరానికి తిండి ఎక్కువ కావాలి.

ఇలాంటి రోగికి కిలో బరువుకు రోజుకు 25 నుండి 30 కేలరీలు, 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరమని పోషకాహార నిపుణుల లెక్క. 50 కిలోల మనిషికి 60 నుండి 75 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. కాబట్టి ఉత్త గంజి, కొబ్బరి నీళ్ళతో కండ నిలవదు. పాలు, పెరుగు, మెత్తగా ఉడికించిన పప్పు, గుడ్డు, కారం లేకుండా ఉడికించి మిక్సీ పట్టిన కోడిమాంసం, పల్చగా చేసిన ఖిచిడీ వంటివి డాక్టరు చెప్పిన మేరకు ఇవ్వాలి.

నోటితో ఏదీ దిగనప్పుడు ముక్కు ద్వారా గొట్టం వేస్తారు, లేదా పొట్టమీద చిన్న రంధ్రం చేసి పేగులోకి గొట్టం పెడతారు. దీన్ని చూసి మనవాళ్ళు భయపడతారు, "గొట్టం వేశారంటే ఆశ లేనట్టే" అనుకుంటారు. అది పొరపాటు. చికిత్స ఆగకుండా నడవడానికే ఆ గొట్టం. శుభ్రమైన చేతులతో, రోగిని కూర్చోబెట్టి, నెమ్మదిగా ఆహారం ఇచ్చి, చివర నీళ్ళతో గొట్టాన్ని కడగాలి. ఒక జాగ్రత్త: చాలా రోజులు పస్తులున్న మనిషికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం పట్టించకూడదు. రక్తంలోని లవణాలు తారుమారై ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పిన కొలతతోనే మొదలుపెట్టాలి.

రేడియేషన్ ముగిశాక ఆపరేషన్‌కు కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. ఈ వారాలను విశ్రాంతి కాలంగా కాకుండా తయారీ కాలంగా చూడాలి. రోజూ నడక, కుర్చీలో నుండి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, మూడు బంతుల ఊపిరి పరికరంతో సాధన. బీడీ, సిగరెట్టు, గుట్కా పూర్తిగా మానాలి. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు పొగ మానితే ఊపిరితిత్తుల చిక్కులు తగ్గుతాయి.

రెండో మలుపు: ఆపరేషన్

ఈ ఆపరేషన్‌లో అన్నవాహికలో చాలా భాగం తీసేసి, జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా మలిచి, ఛాతీలోకో మెడ దాకానో లాగి అతుకుతారు. పొట్ట, ఛాతీ రెండూ ముట్టుకునే పెద్ద ఆపరేషన్ ఇది. తరువాత ఎక్కువగా భయపెట్టేవి అతుకు దగ్గర లీకు, న్యుమోనియా. యూరప్‌లో 115 మంది రోగులపై జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో, ఛాతీ కోసి చేసినవారిలో 29 శాతం మందికి, చిన్న రంధ్రాల ద్వారా చేసినవారిలో 9 శాతం మందికి మొదటి రెండు వారాల్లో ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ వచ్చింది.

కోత నొప్పికి భయపడి రోగి లోతుగా ఊపిరి తీయడు, దగ్గడు. కఫం లోపలే నిలిచి న్యుమోనియా అవుతుంది. అందుకే నర్సులు మర్నాడే లేపి కూర్చోబెడతారు, నడిపిస్తారు. గాయం మీద దిండు అదిమి పట్టుకుని దగ్గమంటారు. చూడవచ్చిన బంధువులకు ఇది నిర్దయగా కనిపిస్తుంది. "పాపం, పడుకోనివ్వండి" అంటారు. ఆ ప్రేమే చేటు చేస్తుంది. నొప్పి ఎక్కువగా ఉంటే నొప్పి మందు అడగాలి, నడక మాన్పించకూడదు.

ఇంటికి వచ్చాక

పాత జీర్ణాశయం ఇప్పుడు సన్నని గొట్టం. ఒక పళ్ళెం అన్నం పట్టే చోటు లేదు. అందుకే మూడు పూటల తిండిని ఆరు నుండి ఎనిమిది చిన్న విడతలుగా చేయాలి. మెత్తగా నమిలి, నిటారుగా కూర్చుని తినాలి. నీళ్ళు తిండితో కాకుండా మధ్యలో తాగాలి. తిన్నాక రెండు మూడు గంటలు పడుకోకూడదు. రాత్రి తలవైపు ఎత్తుగా ఉండాలి, లేకపోతే లోపలిది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారుతుంది.

తీపి ఎక్కువగా తిన్నా, తాగినా కొందరికి అరగంటలో గుండె దడ, చెమట, కడుపు నొప్పి, విరేచనం వస్తాయి. మరికొందరికి ఒకటి నుండి మూడు గంటల తరువాత చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. గ్లూకోజు నీళ్ళు, పండ్ల రసాలు, పండగ నాటి షీర్ ఖుర్మా వంటివి ప్రేమతో గ్లాసులకొద్దీ ఇచ్చేవారు ఇది గమనించాలి. ఒకటి రెండు చెంచాలతో ఆపాలి.

ఆపరేషన్ అయిన ఆరు నెలల్లో సగానికి పైగా రోగులు తమ బరువులో పదో వంతు కంటే ఎక్కువ కోల్పోతారు. కాబట్టి వారానికోసారి బరువు చూసి రాయాలి. బరువు ఆగకుండా తగ్గుతున్నా, ముద్ద మళ్ళీ అడ్డుపడుతున్నా, జ్వరం, ఆయాసం, ఛాతీ నొప్పి, గాయం నుండి స్రావం ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ముద్ద అడ్డుపడటం అంటే జబ్బు తిరగబెట్టిందనే కాదు. చాలాసార్లు అతుకు దగ్గర దారి ఇరుకై ఉంటుంది, ఎండోస్కోపీతో వెడల్పు చేస్తారు.

వ్యాయామం చేస్తే ఉన్న బరువు కూడా పోతుందేమో అని చాలామందికి భయం. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో, అన్నవాహిక, జీర్ణాశయ క్యాన్సర్ల చికిత్స ముగిసి ఆరు నెలలు దాటినవారికి 12 వారాల పాటు పర్యవేక్షణలో వ్యాయామం చేయించి, ఆహార సలహా ఇచ్చారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల్లో వారి గుండె, ఊపిరితిత్తుల దారుఢ్యం పెరిగింది, ఒంటి బరువుకు, కండకు నష్టం జరగలేదు. మన ఇళ్ళలో దీనికి జిమ్ అక్కరలేదు. మొదట గుమ్మం దాకా, తరువాత వీధి చివరి దాకా, తరువాత మసీదు దాకా నడక పెంచుకుంటూ పోవడమే. ఛాతీ కోత వైపు భుజం బిగుసుకుపోకుండా ఫిజియోథెరపిస్టు చెప్పిన చేతి వ్యాయామాలు చేయాలి. బరువులు ఎత్తడం మాత్రం సర్జన్ అనుమతించాకే.

నమాజు, రోజా గురించి

ఈ రోగులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. తిన్న వెంటనే రుకూ, సజ్దాలో వంగితే తిన్నది, పుల్లని నీళ్ళు గొంతులోకి వస్తాయి. నమాజు ముందు చదువుకుని తరువాత తినడం, లేదా కుర్చీలో కూర్చుని చదవడం మేలు. గంట గంటకూ కొద్దికొద్దిగా తినవలసిన శరీరానికి ఉపవాసం హాని చేస్తుంది. జబ్బుపడినవారికి రోజా విషయంలో ఖుర్ఆన్ స్పష్టంగా వెసులుబాటు ఇచ్చింది. డాక్టరును, ఇమామ్ సాహెబ్‌ను ఇద్దరినీ అడిగి నడుచుకోవాలి. "అందరూ రోజా ఉన్నారు, నేను ఒక్కడినే తింటున్నాను" అన్న సిగ్గు రోగికి కలగకుండా చూడవలసింది ఇంట్లోవాళ్ళే.

నయం కాని దశలో కూడా

నిజం చెప్పుకోవాలి. చాలామంది జబ్బు ముదిరాకే వస్తారు, అందరికీ ఆపరేషన్ కుదరదు. అలాంటివారికి అన్నవాహికలో లోహపు స్టెంటు వేసి దారి తెరవచ్చు, రేడియేషన్‌తో మింగడం సులువు చేయవచ్చు, నొప్పికి మందులు ఇవ్వవచ్చు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకు, ఉపశమనానికి ప్రత్యేక విభాగం ఉంది. మిగిలిన రోజుల్లో మనిషి తన ఉమ్మి తాను మింగగలగడం, ఒకరి చేయి పట్టుకోకుండా మరుగుదొడ్డికి వెళ్ళగలగడం, వరండాలో కూర్చుని మనవడితో మాట్లాడగలగడం చిన్న విషయాలు కావు.

దాతల చేతిలో ఉన్నది

ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఖర్చులో చాలా భాగం ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాల ద్వారా అందే అవకాశం ఉంది. కానీ రోజువారీ కూలి మీద బతికే ఇంట్లో సంపాదించేవాడే మంచాన ఉంటే, రోజుకు మూడు గుడ్లు, అర లీటరు పాలు కూడా బరువవుతాయి. ఆటో కిరాయి లేక రేడియేషన్‌కు ఒక రోజు మానేస్తారు. ఫిజియోథెరపీ "అవసరమా?" అని వదిలేస్తారు. లక్షల ఖర్చుతో చేసిన చికిత్స ఫలం ఇక్కడ జారిపోతుంది.

అందుకే సాయాన్ని మూడు భాగాలుగా ఆలోచించమని మనవి. మొదటిది, జబ్బు తేలిన రోజు నుండే పోషకాహారం, అవసరమైతే గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం. రెండోది, రేడియేషన్ రోజుల్లో రాకపోకలు, ఊరి నుండి వచ్చినవారికి ఆసుపత్రి దగ్గర బస. మూడోది, ఆపరేషన్ తరువాత కనీసం మూడు నెలల పాటు ఇంటి సరుకులు, ఒక బరువు చూసే మిషన్, ఊపిరి పరికరం, ఫిజియోథెరపిస్టు, డైటీషియన్ల ఫీజు. జకాత్, సదఖా సొమ్ములో ఏది దేనికి వాడవచ్చో ఉలమాల సలహా తీసుకోవచ్చు.

డబ్బు లేనివారు కూడా ఇందులో దాతలే. వారానికోసారి ఫోన్ చేసి "ఈ వారం బరువెంత భాయ్? ఎంత దూరం నడిచారు?" అని అడిగే మనిషి ఒకరుంటే రోగి పుస్తకంలో అంకెలు రాయడం మానడు, నడక మానడు. సాయంత్రం ఇంటికి వెళ్ళి చేయి పట్టుకుని వీధి చివరి దాకా నడిపించి తీసుకురావడం కూడా ఖిద్మతే.

మనం ఊహించుకున్న ఆ టైలరు ఆపరేషన్ బల్ల మీద నుండి బతికి బయటపడితే సగం పనే అయింది. ఏడాది తిరిగేసరికి తన మిషన్ ముందు కూర్చుని, తన కాళ్ళతో తొక్కి, ఒక చొక్కా కుట్టి పిల్లాడికి తొడిగిన నాడు మిగిలిన సగం కూడా పూర్తయినట్టు. ఆ రెండో సగానికి కూడా మన జేబులో, మన వేళలో కాస్త చోటు ఉంచుదాం. ఇన్షా అల్లాహ్, అది వృథా పోదు.